గళ్ళ లుంగీ మీద వేడి లెక్క

మా మేడమీద అద్దెకున్న సారు పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను కూరగాయలకు బయలుదేరి, మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసి ఉన్నాను. ఇల్లు వదిలి పోయేటప్పుడు మెయిన్ దించడం నా అలవాటు. ఎవరూ లేని ఇంట్లో కరెంటుకు ఏం పని? ఫోన్ చేసింది గుంటూరు నుంచి ఆయన చెల్లెలు.

"అన్నయ్య మొన్న పోయారండి. నిద్రలోనే. ఆయన నోటు పుస్తకం అట్ట మీద మీ నంబరుంటే చేశాను" అంది.

"నా పేరు రాసుకున్నడా?" అని అడిగాను.

ఆవిడ కాసేపు తటపటాయించి చదివింది. "'మెయిన్ దించే అక్కగారు' అని ఉందండి."

చావు కబురు వింటూ నవ్వకూడదని నాకూ తెలుసు. నవ్వు ఆగలేదు. అటువైపు ఆవిడా నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. ఆ రోజు మెయిన్ దించకుండానే మార్కెట్‌కు పోయాను.

ఆయన చిట్కుల్‌లో మా మేడమీది గదిలో మూడేళ్ళు అద్దెకు ఉన్నాడు. ఎక్కడ పుట్టాడో, పెళ్ళెందుకు చేసుకోలేదో నేను అడగలేదు. అద్దెకు వచ్చే మనిషిని అడగవలసినవి మూడే: నీళ్ళు ఎన్ని వాడతావు, చుట్టాలు ఎందరొస్తారు, కరెంటు ఎంత కాలుస్తావు. మొదటి రెంటికీ బాగానే చెప్పాడు. మూడోది అడిగితే అట్టపెట్టెల వైపు చూశాడు. ఒక సూట్‌కేసు, ఒక బకెట్టు, నాలుగు అట్టపెట్టెలు, అదే ఆయన సామాను.

"పెట్టెలల్ల ఏమున్నయి సారూ?"

"కంప్యూటరండి."

"నాలుగు పెట్టెలల్లనా?"

"ముక్కలు ముక్కలుగా కొన్నానండి. అన్నీ సెకండ్ హ్యాండే."

ఆ మాటతో గది ఇచ్చేశాను. సబ్ మీటరు మాత్రం ఆయనకు వేరే పెట్టించాను; మెయిన్ ఇంటికంతా ఒకటే.

సర్కారు ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసి రిటైరైన మనిషి. పొద్దంతా గదిలో ఏం చేస్తాడో వారం దాకా నాకు అంతు పట్టలేదు. ఒకరోజు మెట్ల మీద పట్టుకున్నాను.

"ఏం పని చేస్తవ్ సారూ పొద్దుగూకే దాక?"

"లెక్కలండి."

"ఎవలి లెక్కలు?"

"వేడివి, గాలివి, నీళ్ళవి అండి."

"వాటికి లెక్కలెందుకు? వాటి పని అవి చేసుకుంటయి గద."

"ఎలా చేసుకుంటున్నాయో చూద్దామనండి" అన్నాడు. దేనికైనా చివర ఒక 'అండి' తగిలించేవాడు. కుక్కను తోలినా 'పొండి' అనేవాడు. కుక్క పోయేది కాదు.

రోజూ తెల్లవారి ఆరున్నరకు ఆయనకు క్లాసు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చునేవాడు. నడుము పైన చొక్కా, కింద గళ్ళ లుంగీ. తెర మీద ఎవరో తెల్లాయన బోర్డు మీద రాస్తూ గడగడ ఇంగ్లీషులో చెప్పేవాడు. ఈయన నోటు పుస్తకంలో ఎక్కించుకునేవాడు. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి, అదే మాట మళ్ళీ చెప్పించుకునేవాడు. ఆ పాఠం ఎన్నడో వీడియో తీసిపెట్టిందట. ప్రపంచంలో ఎవరైనా చూడవచ్చట.

"ఆయన నీకు కనవడుతడు గని, నువ్వు ఆయనకు కనవడుతవా?" అని అడిగాను.

"లేదండి."

"మరి ఈ ఇస్త్రీ ఎవలికి?"

"నాకు నేను కనిపిస్తాను కదండీ."

జవాబు లేనప్పుడు నేను మీటరు చూసి వస్తాను. చూసి వచ్చాను.

లెక్కలు చేసే సాఫ్ట్‌వేరు కూడా ఆయన ఊరికే తెచ్చుకున్నాడు. ఇది నాకు నచ్చలేదు. ఊరికే ఇచ్చేవాడి వెనక ఏదో ఒకటి ఉంటుంది. ఇస్నాపూర్ చౌరస్తాలో ఊరికే ప్లాస్టిక్ డబ్బా ఇస్తామని పిలిచి, రెండు గంటలు కూర్చోబెట్టి ప్లాట్ల గురించి చెప్పి పంపారు నన్ను. డబ్బాకు మూత కూడా లేదు.

"ఎవలిచ్చిండ్రు? ఎందుకిచ్చిండ్రు?"

"లోకంలో ఎవరెవరో కలిసి రాస్తారండి. రాసి నెట్‌లో పెడతారు. మనం తెచ్చుకుని వాడుకోవచ్చు. తప్పు దొరికితే దిద్ది మళ్ళీ అక్కడే పెట్టాలి."

"పెట్టకుంటే?"

"ఏమీ అనరండి."

కొంచెం ఆలోచించాను. "అంటే పెరుగు తోడు లెక్క. పొద్దుగాల నేను పక్కింట్ల చెంచెడు తోడు తెస్త. రేపు ఇంకొకామె నా దగ్గరికి గిన్నె పట్టుకొని వస్తది. ఎవలి పెరుగూ తక్కువగాదు."

ఆయన నోటు పుస్తకం తెరిచి ఆ మాట రాసుకున్నాడు. నా మాటను ఒక మనిషి రాసుకోవడం అదే మొదటిసారి. నాలుగో తరగతిలో బడి మానిపించినప్పుడు కూడా ఎవరూ నా పేరు కొట్టివేయడానికి తప్ప కలం ఎత్తలేదు.

సందేహం వస్తే నెట్‌లో ఆ రాసేవాళ్ళందరూ ఉండే చోట ప్రశ్న పెట్టేవాడు. జవాబు ఏ మంచు దేశం నుంచో వచ్చేది. ఒకసారి కిందికి పరుగున దిగివచ్చి చెప్పాడు.

"అక్కగారూ, నన్ను తిట్టారండి."

"ఎవలు?"

"ఆ సాఫ్ట్‌వేరు మొదట రాసినాయనేనండి. 'ముందు మాన్యువల్ చదువు' అన్నాడు."

"తిట్టినందుకు గింత సంబురమా?"

"స్వయంగా తిట్టాడండి" అన్నాడు. ఆ రోజంతా ముఖం వెలిగిపోతూనే ఉంది. మాన్యువల్ మాత్రం చదవలేదు. అది తరువాత తెలిసింది.

ఇక లుంగీ సంగతి. ఆయన లెక్క ఏమిటో నాకు చెప్పడానికి పలక, బలపం ఏమీ వాడలేదు. లుంగీ మీద గళ్ళు చూపించి చెప్పాడు. "ఒక గది ఉందనుకోండి. దాన్ని ఇలా గళ్ళు గళ్ళుగా కోస్తామండి. ప్రతి గడి తన పక్క గళ్ళతోనే మాట్లాడుతుంది. ఇది వేడిగా ఉంటే పక్కదానికి కొంచెం ఇస్తుంది. అది దాని పక్కదానికి ఇస్తుంది. అంతేనండి, మొత్తం శాస్త్రం."

"మా గల్లీ గదే గద. రాములమ్మకు చెప్తే పక్కింటికి, పక్కింటికెల్లి ఎనకింటికి. పొద్దుగూకే వరకు భానూర్ దాక పోతది."

"సరిగ్గా అంతేనండి" అని తొడ మీద ఒక గడిని పొడిచి, "ఇదిగో, ఇక్కడ మీరు" అన్నాడు.

"సారూ, చెప్పేదేదో కట్టుకున్న లుంగీ మీద చెప్పకు. ఇంకోటి కొని పరుచు."

మర్నాడే రెండోది కొన్నాడు. గోడకు నాలుగు మేకులు కొట్టి దాన్ని వేలాడదీశాడు. మేకులకు నన్ను అడగలేదు. ఆ విషయం ఇప్పటికీ నేను మరిచిపోలేదు.

ఇంటి వెనక నాకు రేకుల గదులు నాలుగున్నాయి. ఫ్యాక్టరీ కార్మికులు ఉంటారు. మూడో గదిలో మల్లేశం. నారాయణఖేడ్ వైపు పిల్లవాడు, పెళ్ళయి ఏడాది. భార్యను ఊళ్ళోనే ఉంచి వచ్చాడు. ఇనుప ముక్కల మీద ప్రెస్సు దించే పని. రాత్రంతా అక్కడ, పగలంతా ఇక్కడ నిద్ర. మార్చి దాటేసరికి వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. పన్నెండు దాటితే గదిలో పడుకోలేక, తువ్వాల తడిపి మీద వేసుకుని నా వంటింటి గోడ నీడలో కూర్చుని తూగేవాడు.

"కూసోని తూగుతున్నవేందిరా? లోపల పండు."

"రేకులకింద రొట్టె లెక్క కాలుతున్న పెద్దమ్మా. రాత్రి మిషిన్ మీద ఒక్క కునుకు పడితె చెయ్యి పోతది. ఇంకో రూం జూసుకుంట."

మేడమీది నుంచి సారు అది విన్నాడు. వెంటనే ఆయన మామూలు మాట అనేశాడు. "ఉండవయ్యా, అంచనా వేద్దాం." బియ్యంలో నీళ్ళు పోయాలన్నా, వాన వస్తుందా అన్నా ఆయన ముందు అంచనా వేయవలసిందే. నేను రెండు ఫ్యాన్లు కొనాలా, లోపల అట్ట పైకప్పు కొట్టించాలా అని నాలో నేను ఏడుస్తుంటే, ఏది చేస్తే ఎంత చల్లబడుతుందో కంప్యూటరే చెబుతుందని అన్నాడు. టేపు పట్టుకుని గదంతా కొలిచాడు. మల్లేశం మంచం కూడా కొలిచాడు. లెక్క మొదలుపెట్టాడు.

అది నడిచింది. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. కంప్యూటరు వేడెక్కుతోందని దాని ముఖాన తన టేబుల్ ఫ్యాను పెట్టి తాను చెమటలో కూర్చున్నాడు. "వేడి లెక్క చెయ్యబోయి వేడి పుట్టిస్తున్నవ్" అన్నాను. "ఇంకో రెండు రోజులండి" అన్నాడు. రోజూ పొద్దున మల్లేశం మెట్ల కింద నుంచి అరిచేవాడు, "సార్, అయిందా?" రోజూ ఇంకో రెండు రోజులే.

తొమ్మిదో రోజు ఆయన బ్యాంకు పని మీద సంగారెడ్డి పోయాడు. పోతూ కంప్యూటరు మీద చీటీ అంటించాడు: 'ముట్టుకోవద్దు, లెక్క నడుస్తోంది.' నేను చదివాను. ముట్టుకోలేదు. మధ్యాహ్నం చుట్టాలింట్లో తొట్టెల పండుగకు ఇంద్రేశం పోతూ, అలవాటు ప్రకారం మెయిన్ దించాను.

నేను తిరిగొచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో చెప్పులు. పైకి పోయి, చూసి, మళ్ళీ దిగి వచ్చినట్టున్నాడు.

"తొమ్మిది రోజులండి" అన్నాడు. అంతే.

"బ్యాటరీ డబ్బా ఉంది గద దానికి?"

"పావుగంట నిలుస్తుందండి. మీరు నాలుగు గంటలు వెళ్ళారు."

"అయితె నడుమ నడుమ దాచిపెట్టుకోవద్దా? నేను పప్పు వండినా సగంల దించి ఉప్పు జూస్త."

"దాచుకోమని మాన్యువల్‌లో ఉందండి. నేను ఆ పేజీ చదవలేదు."

"మరి తప్పు నీదే" అన్నాను. ఆయన తలూపాడు. నేను లోపలికి పోయి మెయిన్ స్విచ్ పిడికి ఎర్రగుడ్డ చుట్టి ముడి వేశాను, ఇంకెవరూ దించకుండా. ఎవరూ అంటే నేనే. కానీ ఆయన చూస్తుండగా వేయలేదు.

మర్నాడు పొద్దున మల్లేశం షిఫ్టు నుంచి వచ్చి నా ముందు ఒక చేతి తొడుగు పడేశాడు. రెండు వేళ్ళ చివర్లు లేవు, కత్తెరతో కోసినట్టు.

"చెయ్యి గుంజుకున్న పెద్దమ్మా. గ్లౌజే పోయింది" అని నవ్వాడు. చాయ్ ఇచ్చాను. గ్లాసు పట్టుకుంటే చాయ్ వాడి చేతి మీద ఒలికింది. ఒలికినట్టు కూడా వాడికి తెలియలేదు.

ఆ తొడుగు పట్టుకుని పైకెక్కాను. నా మోకాళ్ళకు ఆ మెట్లు పడవు. తలుపు తోసి, తొడుగును ఆయన కీబోర్డు మీద పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు. తెగిన చోట వేలు పెట్టి చూశాడు.

"సారూ, ఆ గళ్ళు ఎంతెంత పెట్టినవ్?"

"సన్నవండి. గోలీకాయంత."

"బెత్తెడు పెడితె?"

"ముతకగా వస్తుందండి. గాలి సుడులు కనిపించవు."

"సుడులు మల్లేశానికెందుకు? వానికి నిద్ర గావాలె. బెత్తెడు గళ్ళతోని ఎన్ని దినాలు?"

ఆయన కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచాడు. "గళ్ళు మళ్ళీ కోయడానికే పొద్దంతా పడుతుందండి. లెక్క సాయంత్రానికి వచ్చేస్తుంది."

"మరి తొమ్మిది దినాలు ఎందుకు నడిపిచ్చినవ్?"

"అందంగా ఉంటుందనండి" అన్నాడు మెల్లగా.

సాయంత్రం షిఫ్టుకు పోయే ముందు మల్లేశాన్నీ పైకి పిలిచాడు. తెర మీద వాడి గది, గది నిండా రంగులు. మంచం దగ్గర పసుపు. ఆయన గొంతు సవరించుకుని, మధ్యాహ్నం రెండింటికి కొంచెం వెచ్చగా ఉన్నా నిద్ర పట్టవచ్చని, కిటికీ తెరిస్తే సరిపోతుందని చెప్పాడు.

మల్లేశం తెరను చూశాడు, ఆయన్ను చూశాడు. "సార్, అట్లయితె ఈ కంప్యూటర్‌ను మా రూంల పండుకోమనుండ్రి. నేనిక్కడ పండుకుంట."

నాకూ అది అబద్ధమని తెలుసు. ఆ గదిలో పొద్దున తోడేసిన పెరుగు పన్నెండింటికి పులుస్తుంది. "రేకుకు ఏం లెక్క పెట్టినవ్ సారూ?"

"ఇనుప రేకు, కొత్తది, మెరిసేది. పట్టికలో ఉన్నదేనండి."

"కిటికీల కెల్లి జూడు."

చూశాడు. ఆయన కిటికీ కిందనే నా నాలుగు గదుల పైకప్పు. నల్లగా, కాటుక పెట్టినట్టు ఉంది.

ఇక చెప్పక తప్పలేదు. అద్దెకు వచ్చిన ప్రతివాడికీ కొత్త రేకులే అని చెప్పినదాన్ని, మల్లేశం ముందే నోరు విప్పాను. "అవి పాతయి. మూతబడ్డ కార్ఖానా షెడ్డువి, తుక్కుల కొన్న. తుప్పు కనవడొద్దని, గేటుకు వేయంగ మిగిలిన నల్లరంగు పూయించిన. పారెయ్యబుద్ధిగాలే."

మల్లేశం నోరు తెరిచాడు. "గేటు రంగా పెద్దమ్మా?"

"మంచి రంగే. గేటుకు ఇంక పోలే."

సారు కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు. "రోజూ చూస్తున్నానండి దీన్ని. ఇక్కడే నిలబడి, దీన్నే చూస్తూ పళ్ళు తోముకుంటాను. లెక్కలో మాత్రం చూడలేదు."

నాకు ఒక సంగతి తట్టింది. "అంటే ఆ తొమ్మిది దినాల లెక్క పూరాగ నడిస్తె ఏం జెప్పుతుండె?"

"తప్పే చెప్పేదండి" అన్నాడు. కొంచెం ఆగి, "చాలా అందంగా" అన్నాడు.

"అయితె నేను మెయిన్ దించి మంచిపనే జేసిన గద."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా, మంచినీళ్ళు ఇచ్చేదాకా నవ్వాడు. మల్లేశానికి ఏమీ అర్థం కాకపోయినా వాడూ నవ్వాడు.

నల్లరంగు అని మార్చి నొక్కితే కాసేపటికి గదంతా ఎర్రబడింది. మంచం కూడా. "ఆఁ, గిది మా రూం" అన్నాడు మల్లేశం, ఫోటోలో తమ్ముణ్ణి గుర్తుపట్టినట్టు. ఆ రాత్రి వాడు పనికి పోలేదు. నేనే పోవద్దన్నాను. ఫ్యాన్లు పెట్టి చూశాడు, వేడి గాలే తిరిగింది. అట్ట పైకప్పు పెట్టి చూశాడు, కొంత తగ్గింది. తెల్లరంగు పెట్టి చూశాడు. ఎరుపు ఒక్కసారిగా వెనక్కి తగ్గింది. ఎత్తువైపు గోడకూ రేకుకూ నడుమ బెత్తెడు సందు తెరిస్తే ఇంకా దిగింది. వీటన్నింటిలో తెల్ల సున్నమే అగ్గువ, ఖర్చు తక్కువ. నేను మొదటిసారి కంప్యూటరును మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున ఎండ ఎక్కకముందే సారు లుంగీ ఎగగట్టి రేకుల మీదికెక్కాడు. మల్లేశం బకెట్టు అందించాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని, ఒలికిన ప్రతి చుక్కకూ ఇద్దరినీ తిట్టాను. ఆ లుంగీ మీద సున్నం మచ్చలు ఎన్ని ఉతికినా పోలేదు. తరువాత లెక్క చెప్పేటప్పుడు వాటినీ వాడుకున్నాడు: "ఇదిగో, ఇది చల్లబడిన గడి అండి."

రెండింటికి పోయి మూడో గది తలుపు కొట్టాను. పలుకు లేదు. గట్టిగా కొట్టాను. గురక వినిపించింది. వెనక నుంచి సారు థర్మామీటరు పట్టుకుని వచ్చాడు, లోపల పెట్టి కొలవాలట.

"లేపుతె చేతులు ఇరగ్గొడుత" అన్నాను.

ఆయన గడప బయట కూర్చున్నాడు. వాడు అయిదింటికి లేచేదాకా, కాన్పు గది ముందు కూర్చున్నవాడిలాగా, థర్మామీటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన చెప్పినదానికీ కొలిచినదానికీ రెండు డిగ్రీల తేడా వచ్చిందని వారం రోజులు అన్నం సరిగా తినలేదు. మల్లేశం వారంలో రెండు కిలోలు పెరిగాడు.

గుండెలో ఏదో తేడా అని ఏడాది కింద చెల్లెలు వచ్చి ఆయన్ను తీసుకుపోయింది. పోతూ గోడ మేకులు నాలుగూ పీకి, రంధ్రాలు సున్నంతో పూడ్చి పోయాడు. మెయిన్ పిడి మీది ఎర్రగుడ్డ ఆ మర్నాడు నేనూ విప్పేశాను.

ఫోన్ వచ్చిన శనివారం మా మనుమరాలు స్రవంతి హాస్టల్ నుంచి వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతోంది. ఆయన వాడిన సాఫ్ట్‌వేరే దాని క్లాసులోనూ వాడుతున్నారట. ఆయన పోయాడని చెప్తే లాప్‌టాప్‌లో ఏదో వెతికింది. వెతికి, వంటింట్లోకి ఎత్తుకొచ్చింది.

"నానమ్మా, జెర ఇటు జూడు. సార్ ఒక లెక్క పెట్టి పోయిండు, అందరు తీసుకునేటట్టు. దీని పేరు నల్ల రేకుల గది."

చూశాను. ఎర్రటి గది, నడుమ మంచం. మల్లేశం మంచమే. గుర్తుపట్టాను.

"కింద సూచనలు రాసిండు ఇంగ్లీషుల. చెప్పాల్నా? 'మొదలు బెత్తెడు గళ్ళతో చెయ్యండి. లెక్క పెట్టే ముందు ఒకసారి కిటికీలోంచి బయటికి చూడండి. గంటకొకసారి దాచుకోండి, ఎందుకంటే ఇంటిగలావిడ మెయిన్ దించుతుంది.'" అది నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎవలో బయటి దేశపోడు కింద అడిగిండు నానమ్మా, ఈ ఇంటిగలావిడ మాట తమాషాకు రాసినవా అని. సార్ ఏం జెప్పిండో ఎరికేనా? 'కాదు, ప్రయోగంలో తేలింది' అన్నడు."

"ఇంకేం రాసిండు?"

"ఆఖరికి ఒక లైన్ ఉంది. 'ఈ మూడూ నాకు నేర్పినవారు మా ఇంటి యజమానురాలు. నాలుగో తరగతి.'"

నేను పొయ్యి సన్నం చేశాను. "పేరు?"

స్రవంతి పైకీ కిందికీ జరిపి చూసింది. "పేరు లేదు నానమ్మా."

మూడేళ్ళు నా ఇంట్లో ఉన్నాడు. అడగకుండా నాలుగు మేకులు కొట్టాడు. దేశదేశాలకు నేను మెయిన్ దించే సంగతి చాటాడు. పేరు మాత్రం రాయలేదు.

అందుకే నేనూ ఇందులో ఆయన పేరు రాయలేదు.